పిల్లలు దూరంగా ఉన్నా మన పనులు మనమే చేసుకోవాలంటే

అరవై దాటాక మనశ్శాంతి కోసం గుళ్లు తిరుగుతాం, ప్రవచనాలు వింటాం, అవన్నీ మంచివే. కానీ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం చాలాసార్లు బ్యాంకు పనో, పెన్షన్ కాగితమో, అబ్బాయికి ఫోన్ చేస్తే విసుక్కుంటాడేమో అన్న బెరుకో అయి ఉంటుంది. ముందు దాని సంగతి చూడండి.

పెన్షన్‌తో మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. పీఎఫ్ పెన్షన్ వాళ్లు ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. దీనికోసం ఎవరినో బతిమాలి వాళ్ల బండి మీద బ్యాంకుకి వెళ్లక్కర్లేదు. ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు వేసుకుని, ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), ఖాతా నంబర్లు పక్కన పెట్టుకుని, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుంటే కెమెరాతోనే పని అయిపోతుంది. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకి ఇది నిజంగా వరం.

మొదటిసారి మనవరాలి సాయం తీసుకోండి, కానీ ఫోన్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి, తను చెబుతుంటే మీరు నొక్కాలి. కరెంటు బిల్లుకైనా గ్యాస్ బుకింగ్‌కైనా ఇదే పద్ధతి. తెలిసినవాళ్లు లాక్కుని రెండు నిమిషాల్లో చేసేస్తారు, ప్రేమ లేక కాదు, నేర్పే ఓపిక కన్నా చేసేసే తొందర మనుషులకి ఎక్కువ. చేసిన పనిని ఒక నోట్‌బుక్‌లో వరుసగా, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసుకోండి. పిన్ నంబరు మాత్రం అందులో రాయొద్దు.

ఫోన్ వచ్చింది కాబట్టి మోసగాళ్లూ వస్తారు. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరిస్తే కట్ చేసేయండి, మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఒకవేళ డబ్బు పోతే పిల్లలు ఏమంటారో అని దాచిపెట్టకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇల్లు పిల్లల పేరున రాసేసే విషయంలో మాత్రం తొందరపడొద్దని గట్టిగా చెబుతాను. పిల్లలు చెడ్డవాళ్లని కాదు, పరిస్థితులు మారతాయి, వాటితో మనుషులూ మారతారు. వీలునామా అయితే బతికున్నంతకాలం ఆస్తి మీదే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే మంచిది. బతికుండగానే ఆస్తి ఇచ్చేసే గిఫ్ట్ డీడే రాయాలనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు అందులో స్పష్టంగా రాయించండి. చూసుకోకపోతే 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని అడగడానికి ఆ షరతే ఆధారం.

ఇంత చెప్పానని ఎవరినీ ఏమీ అడగకుండా బిగుసుకుపోవద్దు. అడగందే అమ్మైనా పెట్టదు. "నన్నెవరూ పట్టించుకోవట్లేదు" అంటే ఎదుటివాళ్లకి ఏం చేయాలో తోచదు, తప్పు పట్టారనుకుని దూరం జరుగుతారు. "ఆదివారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా నాన్నా" అంటే చాలామంది వస్తారు. పిల్లలు విదేశాల్లో ఉంటే పక్కింటివాళ్లతో ముందునుంచే రాకపోకలు పెట్టుకోండి, ఒక తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచండి. పెద్దవాళ్ల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ నంబరు కూడా ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.