మూషిక జింకల షెడ్డులో కొత్త కీపర్ మొదటి గంట

జూలో కీపర్‌గా కొత్తగా చేరిన తమ్ముళ్లందరికీ పులుల వైపు డ్యూటీ పడాలనే ఉంటుంది. మూషిక జింకల (మౌస్ డీర్) షెడ్డు అనగానే మొహం మాడ్చుకుంటారు. మూడు కిలోల జంతువు, పగలంతా కనపడదు, సందర్శకులు కూడా ఆగరు. నాకూ మొదట్లో అలాగే ఉండేది. కానీ పులికి ఏదైనా నచ్చకపోతే గాండ్రిస్తుంది. ఇది నోరు మెదపకుండా ప్రాణం వదిలేస్తుంది.

డ్యూటీకి సెంటు కొట్టుకుని రాకండి. రోజూ అదే యూనిఫాం, అదే టైం. గేటు దగ్గర తొట్టిలో పొటాషియం పర్మాంగనేట్ నీళ్లుంటాయి. దాన్ని దాటేయకుండా బూట్లు తడిసేలా అందులో కాసేపు నిలబడండి. గులాబీ రంగు పోయి గోధుమ రంగుకు వచ్చిందంటే ఆ నీళ్లలో మందు పని అయిపోయినట్టే, పారబోసి కొత్తవి కలపండి. మొదటి తలుపు గడియ పెట్టాకే రెండోది తెరవాలి.

లోపలికి వెళ్లే ముందు మీరొచ్చినట్టు వాటికి తెలియాలి. నేను మెల్లగా దగ్గేవాణ్ణి. ఒకసారి ఇనుప బకెట్ చేయి జారి సిమెంటు మీద పడింది. ఒక ఆడ జింక ఎగిరి జాలీకి గుద్దుకుంది, మూతి పగిలి రక్తం. తప్పు పూర్తిగా నాదే. ఆ మర్నాటి నుంచి ప్లాస్టిక్ బకెట్ వాడాను.

తర్వాత జింకల్ని లెక్కపెట్టడం. ఊడ్చడానికి ముందే, మేత వేయడానికి ముందే. ఎండుటాకుల్లో కూర్చుంటే ఒంటి మీది తెల్ల మచ్చలు, చారలు ఆకుల్లో కలిసిపోతాయి. మనిషి అలికిడైతే అది కదలదు. కాబట్టి జింక మొత్తంగా కనపడుతుందని వెతక్కండి, చెవి ఆడుతుందేమో, కన్ను మెరుస్తుందేమో చూడండి. ఒకటి తగ్గితే కర్రతో ఆకులు కెలకొద్దు, పది నిమిషాలు ఆగి మళ్లీ లెక్కపెట్టండి. అప్పటికీ దొరక్కపోతే సూపర్‌వైజర్‌కి చెప్పండి. వెంటపడి పట్టుకోవడం మాత్రం వద్దు. ఇలాంటి జంతువుల్ని తరిమితే ఒళ్లు వేడెక్కి కండరాలు దెబ్బతింటాయి. అప్పటికి బాగానే కనిపించినా, గంటల తర్వాతో రోజుల తర్వాతో చచ్చిపోవచ్చు.

పెంటికలు ఊడ్చే ముందు చూడండి. చిన్నచిన్న గోలీల్లా విడివిడిగా ఉంటే సరే, ముద్దగా ఉంటే డాక్టర్‌కి కబురు. ఇది నెమరువేసేదే అయినా దీని పొట్టలో మూడో అర సరిగా ఎదగదు. ఇష్టంగా తింటోంది కదా అని అరటిపండు ఎక్కువ పెట్టకండి. నిన్నటి మేతలో ఏం మిగిలిందో, ఎంత మిగిలిందో రాసుకోండి. ఆకులు వదిలి పండ్లే తిన్నదంటే అదీ రాయాల్సిందే.

మగవాటికి కొమ్ములుండవు, పై దవడ నుంచి రెండు కోరలు కిందికి ఉంటాయి. రెండు మగవి ఒకచోట ఉంటే మెడ దగ్గర, చెవుల దగ్గర గాట్లున్నాయేమో చూస్తూ ఉండాలి. పిల్లను ముట్టుకోవద్దు, తల్లి దాన్ని ఆకుల్లో దాచి వెళ్లడం మామూలే. ఈనిన తేదీ తప్పకుండా రాయండి. ఈనిన కొద్ది గంటలకే తల్లి మళ్లీ మగదాన్ని కలవగలదు. మోసేది ఐదు నెలలు. తేదీ లేకపోతే తర్వాతి ఈత ఎప్పుడో అంచనా దొరకదు.

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ల లాకోన్స్ ల్యాబ్‌తో, అంటే అంతరించిపోతున్న జంతువులను కాపాడే ల్యాబ్‌తో కలిసి 2010లో వీటి సంతతి పెంచే పని మొదలైంది. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. వదలడానికి పెంచేటప్పుడు చేతిలోంచి తినడం అలవాటు చేస్తే పాపం మనదే. అక్కడ చిరుత ఉంటుంది, రేచుకుక్కలుంటాయి, మనిషి అంటే భయం లేని జింక ఎన్నాళ్లు ఉంటుంది? పేర్లు కూడా పెట్టకండి. నేను ఒకదాన్ని బుజ్జీ అని పిలిచేవాణ్ణి, రిజిస్టర్‌లో మాత్రం నంబరే రాశాను.

పని అయ్యాక మళ్లీ లెక్కపెట్టి, తాళం వేసి, లాగి చూడండి. రిటైరయ్యి ఇన్నాళ్లయినా నేను ఇంటి గేటు తాళం రెండుసార్లు లాగుతాను, మా ఆవిడ నవ్వుతుంది.