సముద్రం మీదికెళ్లే ముందు: ఫ్లేర్ గన్ జాగ్రత్తలు

హుస్సేన్ సాగర్‌లో తెరచాప నేర్చుకుని, వచ్చే నెల విశాఖలో పడవెక్కుతున్న మనవాళ్ల కోసం. ఆపదలో సాయం కోసం మండే వెలుగుని (ఫ్లేర్‌ని) ఆకాశంలోకి కాల్చే తుపాకీయే ఫ్లేర్ గన్.

– వేట తుపాకీ తూటా అందులో పెట్టొద్దు. 12 బోర్ (గొట్టం వెడల్పు కొలత) ఫ్లేర్ గన్‌లో అది చక్కగా దిగిపోతుంది, గొడవంతా అక్కడే. ఆ ప్లాస్టిక్ గొట్టం ఫ్లేర్‌ని తోసే కొద్దిపాటి ఒత్తిడికే సరిపోతుంది. తూటా పేలిస్తే గొట్టం చీలి, ముక్కలు వేళ్లకీ కళ్లకీ తగులుతాయి. "ఒక్కసారి కొట్టి చూద్దాం అన్నా" అనే తమ్ముడు ప్రతి గుంపులోనూ ఉంటాడు. గన్ వాడికి అందనివ్వకండి.

– లోపల సన్నగొట్టం దూర్చి ఇంకో రకం తూటాకి మార్చొద్దు. సైజు కుదిరినా ఒత్తిడికి ఆగదు.

– గన్ మీద, ఫ్లేర్ మీద అంకెలు పక్కపక్కన పెట్టి చదవండి. 25 మి.మీ., 26.5 మి.మీ. చూపుకి ఒకటే.

– ఫ్లేర్ గడువు తేదీ చూడండి. దాని ఇత్తడి అడుగున చిలుము పడితే పక్కన పెట్టేయండి.

– పేలకపోతే వెంటనే తెరవద్దు. మనుషులు లేని నీళ్లవైపు పట్టుకుని ఓ నిమిషం ఆగండి, ఆలస్యంగా అంటుకోవచ్చు.

– గాలి పోయే వైపే కాల్చండి, లేకపోతే నిప్పురవ్వలు తెరచాప మీద పడతాయి.

– గన్‌నీ ఫ్లేర్లనీ ఇక్కణ్నుంచి మోసుకెళ్లొద్దు. రైల్లోనూ విమానంలోనూ నిషేధం.