నిమ్మకొమ్మలు కత్తిరించే ముందు పాముల జాగ్రత్తలు

పొదలకూరు వైపు నిమ్మతోటల్లో కత్తెర పట్టే ముందు ఇవి చూసుకోండి.

– దోటితో ప్రతి చెట్టునీ తట్టండి. పసిరికపాము అలికిడికి పారిపోదు, పచ్చటి తీగలా బిగుసుకుపోతుంది. తట్టి కాసేపు ఆగి, మొహమెత్తు కొమ్మల్లో కోసుగా ఉండే మూతి కనిపిస్తుందేమో వెతకండి. కళ్లు పొడుస్తుందన్నది వట్టి మాట. దాని విషం స్వల్పం. వాపు, నొప్పి ఉంటాయి.



– అసలు భయం కింద, రక్తపింజరతో. పాదుల్లో ఎండాకు, డ్రిప్పు పైపుల పక్క ఎలుక బొక్కలు దానికి ఇష్టం. కుక్కర్ ఆవిరిలా బుస వినిపిస్తే అడుగు ముందుకేయొద్దు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు తప్పవు. నరికిన రెమ్మల్ని చేత్తో కాదు, పంగలకర్రతో లాగండి.

– కాటు పడితే ఉంగరం, గడియారం వెంటనే తీసేయండి, వాపొస్తే బిగుసుకుపోతాయి. తాడు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చేయండి. పామును పట్టి తేనక్కర్లేదు. ఆసుపత్రిలో గాజు గొట్టంలో రక్తం 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషమని అనుమానించి విరుగుడు మొదలెడతారు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలకే, పసిరికపాముకి పనికిరాదు.