యాడ్‌సెన్స్ ఖాతా ఆగిపోయిందా? అప్పీల్ కంటే ముందు లాగ్‌లు తీయండి

ఖాతా సస్పెండ్ అయిందన్న మెయిల్ చూడగానే చాలామంది ముందు అప్పీల్ ఫారం కోసం వెతుకుతారు. ఫారం ఎక్కడికీ పోదు. దాంట్లో రాయాల్సిన ఆధారాలు మాత్రం మీ సర్వర్ లాగ్‌లలో, అంటే సైట్‌కు ఎవరు ఎప్పుడు వచ్చారో రాసి ఉండే ఫైళ్లలో ఉన్నాయి, అవి రోజురోజుకీ చెరిగిపోతుంటాయి. పైగా ఒక అప్పీల్ మీద నిర్ణయం వచ్చేశాక, తర్వాత పంపేవాటిని చూస్తారన్న భరోసా లేదు. అందుకే ముందు లాగ్‌లు, తర్వాత కారణం, ఆ తర్వాతే అప్పీల్.

ఇక్కడ చెప్పేదంతా సైట్‌లో ప్రకటనలు చూపించి సంపాదించే యాడ్‌సెన్స్ గురించి. డబ్బు కట్టి ప్రకటనలు వేయించుకునే గూగుల్ యాడ్స్ ఖాతా ఆగిపోతే అది వేరే వ్యవహారం. దాని రూల్స్ వేరు, ఫారం వేరు. ఈ రెంటినీ కలిపేసి తప్పు చోట అప్పీల్ పెట్టి రోజులు పోగొట్టుకునేవారు ఉన్నారు.

మెయిల్‌లో సరిగ్గా ఏ మాట ఉంది

ముందు ఆ మెయిల్ అసలుదో కాదో తేల్చుకోండి. అందులోని లింక్ నొక్కకుండా, బ్రౌజర్‌లో యాడ్‌సెన్స్ అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి. నిజంగా ఏదైనా జరిగి ఉంటే లోపల ఆ సంగతి కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేయాలనుకునే దొంగ మెయిళ్లు వాడుకునేది సరిగ్గా ఈ కంగారునే.

యాడ్ సర్వింగ్ లిమిట్ అని ఉంటే ఖాతా ఆగలేదు, చూపించే ప్రకటనలు తగ్గించారంతే. మామూలుగా 30 రోజుల లోపు తొలగిపోతుంది, ఒక్కోసారి ఇంకా పట్టొచ్చు. దీనికి అప్పీల్ అంటూ లేదు. ట్రాఫిక్‌లో ఉన్న చెత్తను ఏరేసుకుని ఆగాలి.

ఇన్‌వ్యాలిడ్ ట్రాఫిక్ (నిజమైన ఆసక్తి లేని క్లిక్‌లు, రాకలు) వల్ల సస్పెన్షన్ అని ఉంటే అది సాధారణంగా 30 రోజులు. ప్రకటనలు పూర్తిగా ఆగుతాయి, పేమెంట్ ఆగుతుంది, సంపాదనలో కొంత ప్రకటనదారులకు వాపసు వెళ్లొచ్చు. గడువు తీరాక ఖాతా దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక మళ్లీ అదే రకం ట్రాఫిక్ కనబడితే తర్వాతి మెట్టు డిసేబుల్. కాబట్టి ఈ నెల రోజులూ చేతులు ముడుచుకుని కూర్చున్నవారు ఖాతాను దాదాపు పోగొట్టుకున్నట్టే.

డిసేబుల్ అని ఉంటే అప్పీల్ నెగ్గితే తప్ప ఖాతా తిరిగి రాదు. ఇన్‌వ్యాలిడ్ ట్రాఫిక్‌కు ఒక ఫారం, పాలసీ ఉల్లంఘనకు వేరొక ఫారం ఉంటాయి. మెయిల్‌లో చెప్పిన కారణాన్ని బట్టి సరైనది ఎంచుకోవాలి. మిగిలిన సొమ్ము ఏమైనా వస్తుందా అన్నది 30 రోజుల తర్వాత లాగిన్ అయి చూసుకోవాలి.

ఇక యాడ్‌సెన్స్ లోపల ఉండే పాలసీ సెంటర్‌లో ఒక పేజీకో, ఒక సైట్‌కో మాత్రమే ప్రకటనలు ఆపినట్టు కనబడితే గండం చిన్నదే. తప్పు దిద్ది అక్కడే రివ్యూ కోరితే సాధారణంగా వారంలో తేలుతుంది. అడ్రస్ సరిచూడటానికి గూగుల్ పోస్టులో పంపే పిన్ ఎంటర్ చేయక ప్రకటనలు ఆగినవాళ్లూ ఉంటారు. మొదటి పిన్ జనరేట్ అయిన నాటి నుంచి 4 నెలల్లో ఎంటర్ చేయకపోతే ప్రకటనలు ఆపేస్తారు, చేస్తే తిరిగి మొదలవుతాయి. ఇందులో అప్పీల్ ఊసే లేదు.

ఈ రోజే దింపుకోవాల్సినవి

చాలా హోస్టింగ్‌లలో యాక్సెస్ లాగ్‌లు కొద్ది రోజులకే తుడిచిపెట్టుకుపోతాయి. సీప్యానెల్ (హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్) ఉంటే రా యాక్సెస్ అనే చోటికి వెళ్లి ఉన్నవన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి, నెలవారీ ఆర్కైవ్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. గూగుల్ అనలిటిక్స్ 4లో ఎక్స్‌ప్లొరేషన్‌లకు (మనమే తయారుచేసుకునే రిపోర్ట్‌లకు) డేటా నిలవ ఉంచే గడువు మొదట్లో 2 నెలలే ఉంటుంది. దాన్ని సెట్టింగ్స్‌లో 14 నెలలకు పెంచుకోండి. యాడ్‌సెన్స్ లోపలికి ఇంకా వెళ్లగలిగితే గత 90 రోజుల రిపోర్ట్‌ను రోజు, పేజీ, దేశం, డివైస్ వారీగా సేవ్ చేసుకోండి.

సైట్‌కూ విజిటర్లకూ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీస్ పెట్టుకున్నవారు ఒక సంగతి గమనించాలి. సర్వర్ లాగ్‌లో కనిపించేవి వచ్చినవారి ఐపీలు (నెట్ అడ్రస్‌లు) కాకపోవచ్చు, మధ్యలో ఉన్న క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలు కావచ్చు. అసలు ఐపీ "సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ" అనే హెడర్‌లో వస్తుంది. దాన్ని లాగ్‌లో రాసేలా సర్వర్‌ను సెట్ చేయకపోతే, ఆధారం అని మీరు పంపేది క్లౌడ్‌ఫ్లేర్ అడ్రస్‌ల జాబితా అవుతుంది.

కారణం ఎలా దొరుకుతుంది

ప్రకటన మీద పడిన క్లిక్ మీ సర్వర్ లాగ్‌లో ఉండదు. ఆ ప్రకటన గూగుల్ సర్వర్ నుంచి ఒక ఐఫ్రేమ్‌లో (పేజీలో పొదిగిన వేరే పేజీలో) వస్తుంది, క్లిక్ కూడా అటే వెళ్తుంది. లాగ్‌లో దొరికేది పేజీకి ఎవరు వచ్చారన్నదే. అందుకని యాడ్‌సెన్స్ రిపోర్ట్‌లో క్లిక్‌లు ఉన్నట్టుండి పెరిగిన రోజును ముందు పట్టుకుని, ఆ రోజు ఆ పేజీకి ఎవరెవరు వచ్చారో లాగ్‌లో చూడాలి. అనలిటిక్స్ 4లో ఐపీలు చూపించరు కనుక ఈ పని దాంతో కాదు.

ఉదాహరణకు లాగ్‌లో ఇలాంటి వరుస కనబడిందనుకోండి (రిఫరర్ అంటే ఏ పేజీ నుంచి వచ్చారన్నది):

02:14:05 – 203.0.113.24 – పోస్ట్ 17 – రిఫరర్ లేదు
02:14:46 – 203.0.113.31 – పోస్ట్ 17 – రిఫరర్ లేదు
02:15:27 – 203.0.113.58 – పోస్ట్ 17 – రిఫరర్ లేదు
02:16:08 – 203.0.113.24 – పోస్ట్ 17 – రిఫరర్ లేదు

ఐపీ చివరి భాగం మారుతోంది, మొదటి మూడు భాగాలు మారడం లేదు. ప్రతి రాకకూ మధ్య సరిగ్గా 41 సెకన్లు. మనుషులు ఇంత లెక్కగా రారు. అయితే ఇది బాట్ (మనిషి బదులు పేజీలు తెరిచే ప్రోగ్రామ్) అని తేలినంత మాత్రాన మీ ఖాతా ఆగింది దీని వల్లేనని అనేయకండి. ఆ ఐపీలు పేజీతో పాటు బొమ్మలు, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు కూడా దింపుకున్నాయా చూడండి. ఉత్త హెచ్‌టీఎమ్ఎల్ మాత్రమే తీసుకుని వెళ్లిపోయే బాట్‌కు ప్రకటన లోడే కాదు, అది మీ ఖాతాకు చేసే హాని తక్కువ. మొత్తం బ్రౌజర్‌ను నడిపే బాట్ అయితేనే ప్రకటన లోడ్ అవుతుంది, క్లిక్ పడుతుంది. సీడీఎన్ (క్లౌడ్‌ఫ్లేర్ లాంటి, మీ ఫైళ్ల కాపీలను తానే పంపే సర్వీస్) వాడుతుంటే బొమ్మలు దాని కాష్ నుంచే వెళ్లిపోయి మీ లాగ్‌లో కనబడకపోవచ్చు. అప్పుడు సీడీఎన్ రిపోర్ట్ చూడాలి.

బాట్‌ల మీదికి నెట్టేసే ముందు సొంత చేతుల వైపు చూసుకోవడం మంచిది. మీరు గానీ, ఇంట్లోవాళ్లు గానీ, ఆఫీసులోవాళ్లు గానీ ప్రకటనలు నొక్కారా? "ప్రకటన నొక్కి సపోర్ట్ చేయండి" అని ఏ వాట్సాప్ గ్రూపులోనైనా పెట్టారా? ట్రాఫిక్ కొన్నారా? ట్రాఫిక్ ఎక్స్‌ఛేంజ్‌లు, ఆటోసర్ఫ్, క్లిక్‌కి డబ్బులిచ్చే సైట్‌లు, తక్కువ ధరకు వేల విజిటర్లను పంపుతామనే ప్రమోషన్ ప్యాకేజీలు, అన్నీ ఒక తానులో ముక్కలే. వచ్చిన విజిటర్లు అసలైనవారో కాదో కొన్నవారికి తెలియదు, బాధ్యత మాత్రం కొన్నవారిదే.

తర్వాత పేజీ లేఅవుట్. ఎవరూ మోసం చేయకపోయినా పొరపాటు క్లిక్‌లు పడే చోట్లు ఇక్కడ ఉంటాయి. ఫోన్‌లో మెనూ తెరిస్తే ప్రకటన మీద పరుచుకోవడం, డౌన్‌లోడ్ బటన్ పక్కనే ప్రకటన ఉండటం, ప్రకటన ఆర్టికల్ లింక్‌లాగే కనిపించడం. అన్నిటికంటే కంటికి అందనిది ఆలస్యంగా లోడ్ అయ్యే ప్రకటన. పాఠకుడు "తర్వాతి పేజీ" నొక్కబోతుంటే అప్పుడే ప్రకటన వచ్చి లింక్‌ను కిందికి తోసేస్తుంది, వేలు ప్రకటన మీద పడుతుంది. 300 × 250 సైజు ప్రకటన వచ్చే చోట ఆ పెట్టెకు కనీస ఎత్తు 250 పిక్సెల్స్ అని ముందే సీఎస్ఎస్‌లో రాసేస్తే ఈ తోపులాట ఆగుతుంది. మామూలు ఫోన్‌లో, స్లో నెట్‌లో మీ పేజీ తెరిచి చూడండి. కంప్యూటర్‌లో వేగంగా తెరిచినప్పుడు ఇది కనబడదు.

ప్రకటనల పైన పెట్టే శీర్షిక కూడా చూసుకోండి. "ప్రకటనలు" లేదా "స్పాన్సర్డ్ లింక్స్" అన్న అర్థం వచ్చేవే అనుమతిస్తారు. "ఉపయోగపడే లింకులు" అని పెడితే పాఠకుడిని తప్పుదారి పట్టించినట్టే. ఎర్రర్ పేజీలు, లాగిన్ పేజీలు, థాంక్యూ పేజీలు, ఇంకా కంటెంట్ పెట్టని పేజీలు, వీటిలో ప్రకటనలు ఉండకూడదు. ఆటో యాడ్స్ (గూగులే చోటు ఎంచి పెట్టే ప్రకటనలు) వాడుతుంటే వీటిని పేజీ ఎక్స్‌క్లూజన్స్‌లో చేర్చాలి, లేకపోతే మీకు తెలియకుండానే అక్కడా ప్రకటనలు వచ్చేస్తాయి.

యాడ్‌సెన్స్ రిపోర్ట్‌ను సైట్ వారీగా చూసినప్పుడు మీది కాని డొమైన్ పేరు కనబడితే, ఎవరో మీ పేజీని కోడ్‌తో సహా కాపీ కొట్టారని అర్థం. అది కూడా అప్పీల్‌లో రాయదగ్గ విషయమే.

అప్పీల్ రాయడం

పబ్లిషర్ ఐడీ దగ్గర పెట్టుకోండి. "పబ్" అన్న అక్షరాల తర్వాత 16 అంకెలు ఉంటాయి. విజిటర్లు సైట్‌కు ఎలా వస్తారు, ట్రాఫిక్ ఎప్పుడైనా కొన్నారా, ఈ క్లిక్‌లకు కారణం ఏమై ఉండొచ్చు, ఇకపై జరగకుండా ఏం మార్చారు, అనుమానాస్పద ఐపీల వివరాలేమైనా ఉన్నాయా, వీటన్నిటికీ జవాబులు సిద్ధంగా ఉండాలి.

"నా తప్పేమీ లేదు, దయచేసి ఖాతా ఇప్పించండి, కుటుంబం దీని మీదే బతుకుతోంది" అన్న అప్పీల్ చదివేవారికి పనికొచ్చే సమాచారం ఒక్కటీ ఇవ్వదు. బాధ నిజమే కావచ్చు, కానీ వాళ్లు చూసేది ట్రాఫిక్‌ను. ఇలా రాయండి:

"మార్చి 4 నుంచి 9 వరకు, రోజూ రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య, 203.0.113 శ్రేణి ఐపీల నుంచి పోస్ట్ 17కు సుమారు 1,050 రాకలు నమోదయ్యాయి. ఫిబ్రవరి 27న మేము ఒక ప్రమోషన్ ప్యాకేజీ కొన్నాం, అది మార్చి 4న మొదలైంది. మార్చి 10న దాన్ని రద్దు చేశాం. ఆ ఐపీ శ్రేణిని ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేశాం. అదే పేజీలో మెనూకు ఆనుకుని ఉన్న ప్రకటనను తొలగించాం."

తేదీ, సమయం, పేజీ, సంఖ్య, చేసిన మార్పు ఉన్నాయి. తమ తప్పును దాచకుండా ఒప్పుకున్న వాక్యం కూడా ఉంది. ట్రాఫిక్ కొని, కొనలేదని రాస్తే అప్పీల్‌లో మిగతావన్నీ నిజమైనా ఎవరూ నమ్మరు. చేస్తామన్న మార్పులు కాదు, చేసేసిన మార్పులు రాయండి. మీ అప్పీల్ చూసేటప్పుడు సైట్ తెరిస్తే ఆ మార్పు అక్కడ ఉండాలి.

జవాబు వచ్చేదాకా మరో పేరుతో, ఇంట్లోవాళ్ల పేరుతో కొత్త ఖాతా తెరిచి అదే సైట్‌కు తగిలించకండి. డిసేబుల్ అయినవారు కొత్త ఖాతా తెరవడానికి వీల్లేదు, పాతదానితో సంబంధం బయటపడితే అదీ పోతుంది. డబ్బు తీసుకుని ఖాతా తిరిగి ఇప్పిస్తామనేవారికి అసలే ఇవ్వకండి. ఆ ఫారం తప్ప వాళ్లకు వేరే దారి లేదు, ఆ ఫారం మీకూ ఉంది.

ఖాతా తెరుచుకున్నాక

అన్ని పేజీల్లోనూ ఒకేసారి ప్రకటనలు పెట్టకుండా, సెర్చ్ నుంచి నిలకడగా విజిటర్లు వచ్చే కొన్ని పేజీలతో మొదలుపెట్టండి. ఒక్కో యూనిట్‌కు, ఒక్కో చోటికి విడిగా కస్టమ్ ఛానెల్ (రిపోర్ట్‌లో వేరుగా చూపే గుర్తు) పెట్టుకుంటే, మళ్లీ క్లిక్‌లు పెరిగినప్పుడు ఏ చోట పెరిగాయో గంటల్లో తెలుస్తుంది. అనుమానం వస్తే గూగుల్ గమనించేదాకా ఆగకుండా ఇన్‌వ్యాలిడ్ క్లిక్స్ కాంటాక్ట్ ఫారంలో ఐపీలు, తేదీలు మీరే పంపండి.

ప్రతి నెలా మొదటి వారంలో పేమెంట్స్ విభాగంలో ట్రాన్సాక్షన్స్ తెరిచి, ఇన్‌వ్యాలిడ్ ట్రాఫిక్ పేరుతో కోత పడిందేమో చూడండి. చిన్న కోత దాదాపు అందరికీ పడుతుంది. గత నెల కంటే బాగా పెరిగితే మాత్రం ఆ వారమే లాగ్‌లు తెరవండి, అప్పటికి అవి ఇంకా సర్వర్‌లో ఉంటాయి.