ఆబగా, అన్ని రకాలూ చదవాలంటే

దొరికిన పుస్తకమల్లా చదివేస్తామనేవాళ్లలో చాలామంది ఒకటి రెండు రకాల దగ్గరే తిరుగుతుంటారు. రకం మారితే చదువు కుంటుపడుతుంది. నవల చదివిన వేగంతోనే ఖగోళశాస్త్రమూ చదవబోవడమే ఎక్కువసార్లు దీనికి కారణం. ప్రతి రకానికీ దాని నడక వేరు.

ముందు మీ వేగం కొలుచుకోండి. నవల, చరిత్ర, విజ్ఞానశాస్త్రం ఒక్కోటి పది పేజీలు చదివి, పట్టిన నిమిషాలు రాసుకోండి. నవలకు పేజీకి 2 నిమిషాలైతే 300 పేజీలకు 10 గంటలు, అంటే రోజుకు 40 నిమిషాల చొప్పున 15 రోజులు. శాస్త్రానికి రెండు మూడింతలు పట్టినా కంగారు పడక్కర్లేదు. ఆ లెక్క ముందే తెలిస్తే సగంలో వదిలేయరు.

ఒకేసారి మూడు పుస్తకాలు నడపండి: బరువైనది ఒకటి, కథతో లాక్కుపోయేది ఒకటి, వ్యాసాలో లేఖలో కవితలో ముక్కలుగా చదవగలిగేది ఒకటి. బరువైనదాన్ని బుర్ర తాజాగా ఉన్న వేళకు ఉంచండి. రెండు నవలలు కలిపి పెట్టుకుంటే పాత్రలు కలగాపులగమవుతాయి. రెండూ బరువైనవైతే రెండూ ఆగిపోతాయి.

నవలకు మొదటి విడతలో కనీసం 30 పేజీలు ఏకబిగిన చదవండి. మనుషులు, చోటు, కథ చెప్పే గొంతు మనసులో కుదురుకోవడానికి అంత కావాలి. రోజుకు ఐదేసి పేజీలతో మొదలుపెడితే ప్రతిసారీ వెనక్కి తిప్పుకోవాల్సిందే. పాత్రలు ఎక్కువుంటే పేర్లూ వరసలూ ఒక చీటీ మీద రాసి, దాన్నే పేజీ గుర్తుగా వాడండి.

చరిత్రలో విషయసూచిక, ముందుమాట, చివరి అధ్యాయం మొదట చదివేయండి. రచయిత ఏం నిరూపించబోతున్నాడో తెలిస్తే తేదీలూ పేర్లూ వాటంతటవే ఒక చోట అతుక్కుంటాయి. పక్కన పటం ఉండాలి. పటం లేకుండా చదివిన యుద్ధం, వలస, వర్తక మార్గం వారంలో చెదిరిపోతాయి.

విజ్ఞానశాస్త్రం పెన్సిలు లేకుండా చదవకండి. బొమ్మలు, పట్టికలు ముందు చూడండి. సూత్రం ఎదురైతే చిన్న అంకెలు వేసి లెక్క చేయండి. అర్థంకాని పేరాను రెండుసార్లు చదివి, అంచున గుర్తు పెట్టి ముందుకు పోవచ్చు, తర్వాతి ఉదాహరణలో తరచుగా చిక్కు విడిపోతుంది. నిర్వచనాన్ని మాత్రం దాటవద్దు. అది జారితే అధ్యాయమంతా జారుతుంది.

కవిత్వం రోజుకు రెండు మూడు కవితలు, గొంతెత్తి చదవాలి. సంపుటిని ఒక్క ఊపులో ముగిస్తే చెవి మొద్దుబారి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. నాటకంలో రంగ సూచనలు వదిలేయకండి. మాట్లాడనివాళ్లు కూడా వేదిక మీద ఉన్నారని చెప్పేది అవే.

కొత్త రకాలు వెతకడానికి గ్రంథాలయపు అంకెలే మంచి దారి. పుస్తకాలను విషయాలవారీగా అంకెలతో అమర్చే పద్ధతి డ్యూయీ వర్గీకరణ. 1876లో వచ్చిన అది విజ్ఞానాన్నంతా పది వర్గాలు చేసి, వాటిలోని విషయాలకు అంకెలిచ్చింది. ఉదాహరణకు 398 జానపద సాహిత్యం, 520 ఖగోళం, 641 ఆహారం, వంట, 796 క్రీడలు, 910 భూగోళం, యాత్రలు. నెలకొకసారి ఎప్పుడూ వెళ్లని అరకు వెళ్లి, 150 పేజీలు మించనిది తీసుకోండి. లావుపాటి ప్రామాణిక గ్రంథంతో మొదలుపెడితే ఆ రకం మీదే విరక్తి పుడుతుంది. నవల నుంచి చరిత్రకు జీవిత చరిత్రా, చరిత్ర నుంచి శాస్త్రానికి వైద్యం పుట్టుపూర్వోత్తరాలూ మంచి వంతెనలు.

50 పేజీలయ్యాక కూడా పట్టకపోతే ఆపేయండి, కానీ ఎందుకో ఒక వాక్యం రాసుకోండి. అనువాదం ఇబ్బంది పెడితే మరో అనువాదంలో మొదటి రెండు పేజీలు పోల్చి చూడండి, తప్పు మూలానిది కాకపోవచ్చు.

పూర్తిచేసిన రోజే మూడు వాక్యాలు రాయండి: పుస్తకం ఏమంది, కొత్తగా ఏం తెలిసింది, ఏ ప్రశ్న మిగిలింది. మూడోదానికి జవాబు వేరే రకం పుస్తకంలో వెతకండి.