గాలికి కదలని పోర్టా క్యాబిన్: దిమ్మెలు, బోల్టులు, తాళ్లు

విజయవాడ ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. సైటు ఆఫీసులకు, తోటల్లో వాచ్‌మన్ కుటుంబాలకు, రోడ్డు పక్క హోటళ్లకు పోర్టా క్యాబిన్లు (ఎత్తి వేరే చోటికి తీసుకెళ్లగల రెడీమేడ్ గదులు), కంటైనర్ ఇళ్లు చేసి, హైడ్రా క్రేన్‌తో దింపి నిలబెట్టి వస్తాం. ఏసీ ఎక్కడ, కిటికీ ఎటు అని గంటసేపు మాట్లాడే వాళ్లు కూడా కింద ఏం వేయాలో అడగరు. నాలుగు మూలలా ఇటుకలు పేర్చి ఉంచుతారు. బోల్టులు వేద్దామంటే, "అంత బరువుంది కదండీ, ఎక్కడికి పోతుంది?" అంటారు. నన్ను భయపెట్టే మాట అదే.

లెక్క చూడండి. గాలి భారానికి మన దేశంలో వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విజయవాడకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 20 అడుగుల కంటైనర్ పక్క గోడ సుమారు 15 చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి గోడ మీద పడే తోపు రెండు టన్నుల పైమాటే. ఖాళీ కంటైనర్ బరువు కూడా రెండు టన్నుల చిల్లరే. పైకప్పును గాలి పైకి లాగడం ఇందులో కలపలేదు. శాండ్‌విచ్ ప్యానెల్ (రెండు పల్చటి రేకుల మధ్య ఫోమ్) క్యాబిన్ అయితే ఇంకా తేలిక. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది పక్కనే ఉన్న బాపట్ల దగ్గర. విజయవాడలోనో, గుంటూరులోనో ఉన్నాం, సముద్రం దూరం అనుకోవడానికి లేదు.

కాబట్టి ఇక్కడ పనులు రెండు: క్యాబిన్ కిందికి కుంగకుండా మోయడం, పైకి లేవకుండా, పక్కకు జరగకుండా పట్టుకోవడం. ఇటుకలు మొదటి పని కొంతకాలం చేస్తాయి. రెండోది అసలు చేయలేవు.

ముందు నేల. గుంటూరు జిల్లా తాడికొండ, ప్రత్తిపాడు వైపు నల్లరేగడి వానలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. ఆ నేల మీద పైపైన దిమ్మె పోస్తే ఏడాది తిరిగేసరికి ఒక మూల లేచి, ఇంకో మూల దిగి, తలుపు పట్టేస్తుంది. అందుకే అక్కడ పగుళ్లు దిగే లోతు దాటేదాకా, మామూలుగా 5 అడుగులు తవ్వుతాం. అడుగున గ్రావెల్ పరిచి, నీళ్లు కొట్టి, దిమ్మిస చేశాకే కాంక్రీటు. క్యాబిన్ చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వండి. ఏసీ నీళ్లు, బాత్రూం నీళ్లు దిమ్మెల పక్కన వదలొద్దు. నల్లరేగడిలో ఆ ఒక్క పైపు చాలు, ఆ మూల పాడవడానికి.

కంటైనర్ బరువంతా నాలుగు మూలల మీదే పడేలా తయారవుతుంది కాబట్టి నాలుగు దిమ్మెలు చాలు. మనం చేసే 20 అడుగుల పోర్టా క్యాబిన్‌కు పొడుగు వైపుల మధ్యలో ఒక్కొక్కటి కలిపి ఆరు వేస్తాం. అడుగున రెండున్నర అడుగుల చదరం, అడుగున్నర మందం. దాని మీద అడుగున్నర చదరం స్తంభం, నేలకు అడుగైనా పైకి రావాలి. ఎం20 గ్రేడు (బలాన్ని చెప్పే కొలత) కాంక్రీటు, లోపల రాడ్లు. ఇలా పోస్తే ఒక్కో దిమ్మె టన్ను దాటుతుంది. గాలి క్యాబిన్‌ను లేపాలంటే ఆ టన్నును కూడా లేపాలి. అసలు పట్టు అక్కడుంది. ఒకదానిపై ఒకటి రెండు క్యాబిన్లు పెట్టేటట్టయితే మాత్రం నా లెక్క చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరుతో డ్రాయింగ్ వేయించండి.

కాంక్రీటు తడిగా ఉన్నప్పుడే 20 ఎంఎం జె బోల్టులు (కింది చివర కొక్కెంలా వంగినవి), మీద బేస్ ప్లేటు (ఇనుప పలక) కూర్చోబెట్టాలి. అన్ని దిమ్మెల పైభాగం ఒకే మట్టం ఉందో లేదో నీళ్ల ట్యూబుతో చూడండి. కనీసం ఏడు రోజులు తడిపాకే క్యాబిన్ దింపండి. మట్టం సరిచేయడానికి జాకీ పెడితే, పక్కన చెక్క స్లీపర్లు పేర్చకుండా కిందికి ఎవరినీ దూరనివ్వకండి. జాకీ జారితే తప్పించుకునే టైం ఉండదు. మట్టం కుదిరాక ఫ్రేమును ప్లేటుకు బోల్టుతో బిగించి, వెల్డింగ్ చేసిన చోటల్లా రెడ్ ఆక్సైడ్ పూయండి.

అమెరికాలో మొబైల్ హోమ్‌లకు భూమిలోకి స్క్రూలా తిప్పి దించే యాంకర్లు, ఇనుప పట్టీలు వాడతారు. 1992లో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాలో చేసిన నష్టం చూశాక, 1994లో గాలి నిబంధనలు కఠినం చేశారు. మన నల్లరేగడిలో ఆ యాంకర్ల మీద నాకు నమ్మకం లేదు. ఎండాకాలం బిగువుగా ఉన్న మట్టి వానల్లో మెత్తబడిపోతుంది. ఇనుప మేకులు దిగ్గొట్టి తాళ్లు కట్టడం అంతకంటే దండగ.

ఇప్పటికే ఇటుకల మీద ఉన్న క్యాబిన్‌కైతే చుట్టూ నాలుగు కాంక్రీటు గుంటలు పోసి, వాటిలో కొక్కేలు దింపి, వైర్ రోప్ (ఇనుప తాడు), టర్న్ బకిల్ (తిప్పి తాడు బిగించే మర) వాడి నాలుగు వైపులా లాగి కట్టండి. తుఫాను గాలి దిశ మారుతుంది, రెండు వైపులే కడితే లాభం లేదు. రోప్ చివర మూడు క్లిప్పులు వేయాలి. క్లిప్పు సాడిల్ భాగం (యు బోల్టుకు ఎదురుగా ఉండే దిమ్మ) బరువు మోసే తాడు మీదే కూర్చోవాలి, వెనక్కి మడిచిన చివర మీద కాదు, తిరగేస్తే ఆ తాడే నలిగి తెగుతుంది.

వరదకు ఇంకో లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచాయి కదా. తలుపులు మూసిన కంటైనర్ చుట్టూ జానెడు నీళ్లు చేరినా అది తేలడానికి సిద్ధమవుతుంది. అలాంటి పల్లంలో దిమ్మెలు ఎత్తుగా పోయండి. నీళ్లు ఫ్లోరును తాకేలా ఉంటే కరెంటు మెయిన్ తీసేసి, తలుపులు తెరిచి వదిలేసి బయటికి వచ్చేయండి.

మే నెలలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి నట్లు బిగించి, తుప్పు చూడండి. ఎర్తింగ్ కూడా చూపించండి, ఇనుప గది కదా. ఇంత చేసినా తుఫాను హెచ్చరిక వస్తే అందులో ఎవరినీ పడుకోనివ్వొద్దు. వాచ్‌మన్‌ను, పిల్లల్ని స్కూలు బిల్డింగుకో, స్లాబు ఇంటికో చీకటి పడకముందే పంపించండి. గాలి తగ్గాక కూడా బోల్టులు, తాళ్లు, వైరింగ్ చూసి, ఇనుప గోడకు కరెంటు రావడం లేదని ఎలక్ట్రీషియన్ చెప్పాకే వాళ్లను తిరిగి లోపలికి పంపండి.