వైజాగ్ సైటు వీడియోలు: ఎవరిని ఫాలో కావాలి, ఏది ఎక్కడ సరిచూసుకోవాలి

ఆనందపురం దగ్గర వెంచర్ వీడియో ఒక్కటి చివరిదాకా చూశారంటే వారం రోజులు మీ యూట్యూబ్ నిండా ప్లాట్లే మొలుస్తాయి. విషయం తెలిసి మాట్లాడేవాళ్లు ఆ గుంపులో ఎక్కడో అడుగున పడిపోతారు. అందుకే ముందుగా ఇళ్లు, స్థలాల సమాచారం కోసమే ఓ కొత్త గూగుల్ అకౌంటు తెరవండి. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ దానితోనే. ‘వివరాలకు ఫారం నింపండి’ అన్నచోట ఫోన్ నంబరు ఇవ్వకండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్‌లోకి వెళ్లి ‘మై కాంటాక్ట్స్’ ఎంచుకోండి. లేదంటే ఒక్క ఎంక్వయిరీకి నాలుగు గ్రూపుల్లో తేలతారు, పొద్దున్నే ఆరింటికి ‘లాస్ట్ టూ ప్లాట్స్’ మెసేజీతో నిద్ర లేస్తారు.

డబ్బు ఎటునుంచి వస్తోంది

మాట్లాడే మనిషికి డబ్బు ఎవరిస్తున్నారో తెలిస్తే ఆ మాటను ఎలా వినాలో తెలుస్తుంది. సైట్లు తిప్పి చూపించే ఛానళ్లకు వీడియోకు ఇంతని గానీ, అమ్మకంపై కమీషన్ గానీ వస్తుంది. అది తప్పేం కాదు. రోడ్డు ఎంత ఉంది, చుట్టుపక్కల ఇళ్లు వచ్చాయా, అమ్మేవాళ్లు ఎంత చెబుతున్నారు అన్నవి వాళ్ల వీడియోల్లోనే బాగా కనబడతాయి. లోపాలు మాత్రం వాళ్ల నోట రావు. బిల్డర్ల సొంత పేజీలను పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వాడుకోండి: ప్రతి నెలా ఒకే కోణంలో ఫొటో పెట్టే పేజీ మేలు, ఏడాదిగా త్రీడీ బొమ్మలతోనే నడుపుతున్న పేజీని చూసి ఆగండి. క్రెడాయ్, నారెడ్కో లాంటి బిల్డర్ల సంఘాల పోస్టుల్లో నిబంధనల మార్పులు, ఎక్స్‌పో తేదీలు తెలుస్తాయి. ‘ఇదే కొనడానికి సరైన సమయం’ అన్న మాట వాళ్లు ఏ ఏడాదైనా అంటారు.

ఎక్కువమంది వదిలేసేదీ, మేం ముందు వెతకమనేదీ కాగితాల మనుషుల్ని. అంటే ఆస్తి కేసులు చూసే న్యాయవాదులు, లైసెన్స్‌డ్ సర్వేయర్లు, ప్లాన్లు పెట్టే ఇంజనీర్లు. వీళ్ల వీడియోలు చూసేవాళ్లు తక్కువ, డ్రోన్ షాట్లు ఉండవు. కానీ డి.పట్టా భూమికి (ప్రభుత్వం పేదలకు కేటాయించినది), జిరాయితీకి (సొంత హక్కున్న ప్రైవేటు భూమి) తేడా ఏమిటో, లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత అమ్మకాల కాగితాల వరసలో, ఎక్కడ తెగుతుందో చెప్పేది వీళ్లే. మొత్తం మీద పదిహేను ఖాతాలు దాటనివ్వకండి: మీరు చూస్తున్న ప్రాంతం సైట్లు చూపించేవాళ్లు ముగ్గురు, బిల్డర్లు ఇద్దరు, కాగితాల మనుషులు నలుగురు, స్థానిక విలేకరులు ఇద్దరు ముగ్గురు, మిగిలినవి వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), ఏపీ రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) అధికారిక ఖాతాలు.

పాత వీడియోలే పరీక్ష

ఛానల్‌లో వీడియోల ట్యాబ్‌కి వెళ్లి ‘ఓల్డెస్ట్’ నొక్కండి. 2019 డిసెంబరులో విశాఖను కార్యనిర్వాహక రాజధాని చేస్తారన్న మాట రాగానే భీమిలి, కాపులుప్పాడ వైపు ఏం చెప్పారో వినండి. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు అమరావతి వైపు వచ్చాక అదే మనిషి ఏమన్నాడో చూడండి. ‘అప్పుడు పొరబడ్డాను’ అన్నవాడిని ఉంచండి. ఆ కాలం వీడియోలన్నీ మాయమై ఉంటే తీసేయండి.

డబ్బు తీసుకుని చేసిన వీడియో అయితే ఆ సంగతి చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు ప్రచారం చేసినవాళ్లకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. యూట్యూబ్‌లో ‘పెయిడ్ ప్రమోషన్’, ఇన్‌స్టాగ్రామ్‌లో ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ గుర్తు కోసం చూడండి. గుర్తు లేదు గానీ తెర మీద ఫోన్ నంబరు తిరుగుతోందంటే ఆయన విశ్లేషకుడు కాదు, ఏజెంటు. రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టులు అమ్మిపెట్టే ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి కాబట్టి కామెంట్‌లో ఆ నంబరు అడగండి. ‘కాల్ చేయండి సార్’ అని వచ్చినా, మీ కామెంటే పోయినా, జవాబు వచ్చేసినట్టే. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ఎబౌట్ దిస్ అకౌంట్’ నొక్కితే ఖాతా ఎప్పుడు మొదలైందో, పాత పేర్లు మారాయో లేదో కనబడుతుంది. నిన్నటి వంటల పేజీ ఇవాళ ‘వైజాగ్ ప్రాపర్టీస్’ కావడం కొత్తేమీ కాదు.

వీడియో ఆపి రాసుకోవాల్సినవి

గ్రామం పేరు, సర్వే నంబరు, ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), రెరా నంబరు. ఈ నాలుగూ లేని వీడియోను సరిచూడటం కుదరదు. రెరా కింద ప్రాజెక్టు నమోదు కాకుండా ప్రకటన చేయడమే నేరం, ప్రకటనలో నంబరు ఉండి తీరాలి. ‘రెరా అప్లైడ్’, ‘వీఎంఆర్‌డీఏ ప్రపోజ్డ్’, ‘ప్రీ లాంచ్’ అంటే నంబరు ఇంకా రాలేదనే. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సీతమ్మధారలో అయిదు ఫ్లాట్ల బిల్డింగుకు రెరా నంబరు లేదని దొంగ అనేయకండి. దానికి జీవీఎంసీ ప్లాన్ అడగండి.

నంబరు ఉంటే ఏపీ రెరా సైటులో కొట్టి ప్రమోటర్ పేరు, విస్తీర్ణం, పూర్తి చేస్తామన్న తేదీ వీడియోతో పోల్చండి. ఒక ఫేజ్ నంబరు పెట్టి ఇంకో ఫేజ్ అమ్మడం ఇక్కడే బయటపడుతుంది. లేఅవుట్ అయితే ఏ ప్లాట్లు వీఎంఆర్‌డీఏకు తనఖాలో ఉన్నాయో అడగండి. అవి విడుదల కాకుండా రిజిస్ట్రేషన్‌కు పనికిరావు.

తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు), ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో 1బి (భూమి ఎవరి పేరిట ఉందో చూపే రికార్డు) చూడండి. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం పేర్లు వినబడితే సింహాచలం దేవస్థానం పంచగ్రామాల సమస్య, అంటే ఈ అయిదు ఊళ్ల భూముల హక్కుపై దేవస్థానంతో ఉన్న వివాదం, గుర్తుకు రావాలి. ‘తక్కువ ధరకే’ అన్న మాటకు కారణం చాలాసార్లు అదే. సముద్రం కనిపించే సైటు అయితే పోటు గీత (పోటు వేళ నీళ్లు వచ్చే హద్దు) నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) పట్టింపులు ఉంటాయి. ఇంకో చిన్న సంగతి: ‘వైజాగ్ ప్రాపర్టీ’ అని చూపించేవాటిలో సబ్బవరం అనకాపల్లి జిల్లాలోనూ, భోగాపురం, కొత్తవలస విజయనగరం జిల్లాలోనూ ఉన్నాయి. వీఎంఆర్‌డీఏ పరిధి జిల్లా గీతల్ని దాటి వెళ్తుంది కాబట్టి ఆ పేరు చూసి వైజాగ్ ఊళ్లోనే అనుకోకండి.

‘హైవేకి అయిదు నిమిషాలు’ అన్న మాటను మ్యాప్‌లో సైటు గేటు దగ్గర పిన్ను పెట్టి పనిదినం పొద్దున తొమ్మిదికి చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పితే గెడ్డ (వాగు) ఎక్కడ పారేదో, చెరువు ఎంతవరకు ఉండేదో తెలిసిపోతుంది. మట్టి పోసి చదును చేసిన ప్లాటు డ్రోన్ షాట్‌లో ముచ్చటగా ఉంటుంది, వానాకాలంలో గెడ్డ తన దారి తాను వెతుక్కుంటుంది.

రేట్లు

వీడియోలో చెప్పేది అడిగే రేటు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులోది స్టాంపు డ్యూటీ లెక్కకు పెట్టిన విలువ. రెండూ అసలు బేరం కావు. కాబట్టి ఓ షీటులో తేదీ, ప్రాంతం, గజాలు, ఫేసింగ్, రోడ్డు వెడల్పు, అడిగిన రేటు మూడు నెలలు రాయండి. అదే ఇల్లు కొత్త థంబ్‌నెయిల్‌తో రెండు నెలలకు మళ్లీ వచ్చిందంటే ఆ రేటుకు ఎవరూ రాలేదన్నమాట. బేరానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. సెంట్లలో చెబితే 48.4తో హెచ్చించి గజాలు చేసుకోండి. ఫ్లాటుకు ‘అడుగు 6 వేలు’ అంటే ఏ విస్తీర్ణం మీద అని అడగండి: సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోటు కూడా కలిపి) 1,500 అడుగులకు 90 లక్షలు, కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునేది) 1,050 అయితే మీరు నిజంగా ఇస్తున్నది అడుగుకు 8,571.

వార్త వచ్చిన రోజు

విశాఖలో రేటు కదిలేది వార్తతో. అందుకే ప్రతి వార్త పక్కన అది ఏ దశలో ఉందో రాసుకోండి: ప్రకటన, మంత్రివర్గ ఆమోదం, భూమి అప్పగింత, టెండరు, పని. రుషికొండలో టీసీఎస్‌కు 99 పైసలకు 21.16 ఎకరాలు అన్నది 2025 ఏప్రిల్‌లో మంత్రివర్గ ఆమోదం. గూగుల్ 5 ఏళ్లలో 15 బిలియన్ డాలర్లు అన్నది అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ప్రకటన. మెట్రో తొలి దశ 46.23 కిలోమీటర్లు అని చెప్పేవాడిని టెండరు సంగతి అడగండి. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఓ శంకుస్థాపన, 2023 మేలో ఇంకొకటి జరిగాయి. మొదటిదాన్ని చూసి అప్పు చేసి కొన్నవాళ్లు మధ్య నాలుగేళ్లూ వడ్డీ కట్టారు. దశ చెప్పకుండా ‘రేటు డబుల్’ అనే ఖాతాను మ్యూట్ చేయండి.

డబ్బు మాట వచ్చినప్పుడు

‘టోకెన్ పదివేలు ఫోన్‌పే చేయండి, రేపు రేటు మారుతుంది’ అంటే వ్యక్తిగత నంబరుకు పంపకండి. ప్రాజెక్టు పేరిట ఉన్న ఖాతాకే, రసీదుతోనే. రెరా సెక్షన్ 13 ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. ఆధార్, పాన్ కాపీలు గ్రూపుల్లో పెట్టకండి.

మాట ఇచ్చిన వీడియోను, బ్రోచర్‌ను, వాయిస్ మెసేజీలను లింకు, తేదీతో సహా ఫోన్‌లో కాక వేరే డ్రైవ్‌లో దాచండి. ప్రకటనలో అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే సెక్షన్ 12 కింద ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, వద్దనుకుంటే వడ్డీతో వాపసు ఇవ్వాలి. రెరాలో ఫిర్యాదు వేసేసరికి ఆ వీడియో యూట్యూబ్‌లో ఉండకపోవచ్చు.